అన్న నడుం

మా అన్న నడుం విరుచుకుంటే పక్క గదిలోకి వినిపించేది. పవర్‌లూమ్ షెడ్డులో రెండు మగ్గాల మధ్య నిలబడి పని చేసే మనిషి. పోగు తెగితే వంగి అతకాలి, నూలు చుట్టిన కండె అయిపోతే వంగి మార్చాలి, మళ్లీ లేవాలి. పొద్దంతా అదే పని. షిఫ్టు దిగి ఇంటికి రాగానే, చెప్పులు కూడా విప్పకుండా దర్వాజ చెక్కను రెండు చేతులతో పట్టుకుని, కాళ్లు కదపకుండా ఒంటిని ఒక పక్కకు తిప్పేవాడు. కింది నుంచి పైదాకా టకటకమని వచ్చేది. తర్వాత రెండో పక్కకు. అప్పుడు గాని అతనికి ఆ రోజు పని అయిపోయినట్టు ఉండేది కాదు.

అమ్మ లోపలి నుంచి అడిగేది. "ఇరిగినయారా అన్ని?"

"ఒకటి మిగిలింది. రేపటికి దాసిన."

చాలా ఏళ్లు ఈ విషయం మా ఇంట్లో నవ్వులాటగానే నడిచింది. నేను హనుమకొండ సుబేదారిలో ఒక్కదాన్నే ఉంటాను. ఒక కాలేజీ గ్రంథాలయంలో పని. ఏదైనా సందేహం వస్తే చదవడం అలవాటు. ఇలా నడుం విరుచుకోవడం మంచిదేనా అని వదిన ఒకసారి అడిగితే చదివి చెప్పాను. ఆ శబ్దం ఎముకలు రాసుకుని వచ్చేది కాదు, కీలులో ఉండే ద్రవంలో ఏర్పడే బుడగ వల్ల వచ్చేది. నొప్పేమీ లేనప్పుడు తేలిగ్గా ఒళ్లు విరుచుకుంటే సాధారణంగా ఏమీ కాదు. కాలులోకి నొప్పి దిగుతున్నప్పుడు, తిమ్మిరి ఉన్నప్పుడు బలవంతంగా తిప్పడం మాత్రం ప్రమాదం. వదిన ఇందులో మొదటి సగమే విన్నది. అన్న అదీ వినలేదు.

"సప్పుడు రాకపోతె నిద్ర వట్టది నాకు. గంతే" అన్నాడు.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. నేను ఎదురుకాళ్లతో పుట్టాను. తల కాకుండా పాదాలు ముందు వచ్చాయి. అలా పుట్టినవాళ్లు నడుం తొక్కితే పట్టు వదులుతుందని మా దగ్గర నమ్మకం. మా వాడలో అందరూ నేతపని వాళ్లే. ఎవరి నడుమూ సరిగ్గా ఉండేది కాదు. నాకు నడక వచ్చినప్పటి నుంచి మా ఇంటికి మనుషులు వచ్చేవారు. పొద్దున్నే ముఖం కూడా కడుక్కోకుండా వచ్చి గడప దగ్గర బోర్లా పడుకునేవారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని వాళ్ల వీపు మీద నిలబెట్టేది. ఎడమ కాలు ముందు పెట్టాలి, మాట్లాడకూడదు, వాళ్లు లేచాక వెనక్కి చూడకుండా వెళ్లిపోవాలి. చిన్నపిల్ల బరువెంత? చాలామందికి హాయిగానే ఉండేది.

ఇంటర్ చదివేటప్పుడు ఇక తొక్కనని చెప్పాను. అప్పటికి నా బరువు పెరిగింది, మనిషి వెన్నులో ఏముంటుందో పుస్తకంలో బొమ్మ చూశాను. అమ్మ నాతో వాదించలేదు. ఎవరైనా వస్తే, "దాని కాళ్లల్ల ఆ గుణం పోయింది, పెద్దమనిషి అయినంక పోతదట" అని ఆమే ఒక మాట అల్లి పంపేసింది. ఆ మాటతో ఇన్నేళ్లు గడిచింది.

అమ్మ చివరి నెలలు మంచంలోనే గడిచాయి. తుంటి ఎముక విరిగాక లేవలేదు. ఆమెను మంచం మీది నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి అన్నే ఎత్తేవాడు. వదిన పట్టుకుంటానంటే ఒప్పుకునేవాడు కాదు. "నువ్వు పట్టుకుంటె ఇద్దరు వడ్తరు" అనేవాడు. నేను ఆదివారాలు వెళ్లేదాన్ని. అన్న వంగి అమ్మ చంకల కింద చేతులు పెట్టినప్పుడు, పైకి లేచే ముందు ఒక క్షణం కదలకుండా ఆగేవాడు. ఆ ఆగడం వారం వారం ఎక్కువైంది. అమ్మ కూడా గమనించింది. ఆమె చివరిగా అర్థమయ్యేలా చెప్పిన మాటల్లో ఒకటి, "వాని నడుం సూడుండ్రి" అన్నది. అది నాతో అనలేదు, అందరితోనూ అన్నది. ఆ గదిలో అన్న, వదిన, నేను, అమ్మ చెల్లెలైన మా చిన్నమ్మ ఉన్నాం. ఎవరికి వాళ్లం దాన్ని ఒక్కోలా విన్నాం.

అమ్మ పోయాక దుఃఖం గురించి నేను చదివినవేవీ అక్కరకు రాలేదు. పనులు వచ్చి పడ్డాయి. అన్న గుండు చేయించుకున్నాడు, చాప మీద పడుకున్నాడు, ఒక్క పూట తిన్నాడు. నొప్పి నడుంలో నుంచి కుడి పిరుదులోకి, పిక్కలోకి దిగింది. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. పరామర్శకు వచ్చిన వాళ్ల ముందే దర్వాజ చెక్క పట్టుకుని తిరిగేవాడు. ఇప్పుడు రోజుకు ఒకసారి కాదు, గంటకు ఒకసారి. ఇంతకు ముందులా శబ్దం వచ్చేది కాదు. రావాలని ఇంకా గట్టిగా తిప్పేవాడు.

"అన్నా, గట్ల తిప్పకు. దవాఖానకు పోదాం" అన్నాను.

"పదో దినం కానియ్యి."

"కాలు గుంజుతాంది గదా. గుంజినప్పుడు తిప్పద్దు."

"నువ్వేమన్న డాక్టర్‌వా?"

"కాదు."

"మరి తొక్కు, నొప్పి వోతది. తొక్కనంటవ్, తిప్పద్దంటవ్. నేనేం జెయ్యాలె, మగ్గానికి కట్టుకొని గుంజుకోవాల్నా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. చావు ఇంట్లో నవ్వడానికి ఏదో ఒకటి దొరికితే వదలరు. చిన్నమ్మ మాత్రం నవ్వలేదు.

"ఇంట్ల దేవుడు లెక్క పిల్ల ఉండంగ, దవాఖాన ఎందుకు బిడ్డా? అక్క సచ్చేటప్పుడు ఏం జెప్పింది? వాని నడుం సూడమన్నది. ఎవరికి జెప్పింది? నీకే."

"చూడమన్నది చిన్నమ్మా. తొక్కుమనలే."

"మా కాలంల రెండు ఒకటే."

పదో రోజు పొద్దున అన్న చాప మీది నుంచి లేవలేకపోయాడు. ధర్మసాగర్ చెరువు దగ్గర పిండం పెట్టాలి. మా నాన్నకూ అక్కడే చేశారు. బయట ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. సామాను ఎక్కించారు. అన్న పక్కకు తిరిగి, మోచేతి మీద లేచి, మళ్లీ పడిపోయాడు. చెమట పట్టింది. చిన్నమ్మ నా వైపు చూసింది. వదిన కూడా చూసింది. వదిన అలా చూడటం అదే మొదటిసారి.

నేను తల అడ్డంగా ఊపాను.

చివరికి మా కాక కొడుకు, నాకు తమ్ముడి వరస, అన్నను లేపి గుమ్మం దాకా నడిపించాడు. అన్న రెండు చేతులతో చెక్కను పట్టుకున్నాడు. పళ్లు బిగించి, నడుంతో పాటు భుజాన్నీ విసురుగా తిప్పాడు. ఈసారి శబ్దం వచ్చింది. టకటకమని కాదు, ఒక్కటే, లోతుగా, తడి కట్టె విరిగినట్టు. అన్న అలాగే చెక్కను పట్టుకుని నిలబడిపోయాడు. తర్వాత మెల్లగా మా వైపు తిరిగాడు. ముఖం తేటపడింది.

"పోయింది" అన్నాడు. "నొప్పి పోయింది. మొత్తం పోయింది."

చిన్నమ్మ చేతులెత్తి దండం పెట్టింది. "అక్క సూస్తాంది" అన్నది. తర్వాత నాతో, "నువ్వు తొక్కకపోతె ఏమాయె, ఆమెనే తొక్కింది" అన్నది. అందరూ తేలికపడ్డారు. నేనూ తేలికపడ్డాను. అన్న తనంతట తాను ఆటో ఎక్కాడు. ఎక్కేటప్పుడు కుడి పాదం ఆటో అంచుకు తగిలి జారింది. మళ్లీ పెట్టాడు.

అన్ని నొప్పులూ ఒక్కసారిగా పోవడం గురించి కూడా నేను ఎక్కడో చదివాను. అది దారిలో గుర్తొచ్చింది. కానీ గుర్తొచ్చింది సరిగ్గా అదేనా అని సందేహం. చదివినదంతా గుర్తుండదు, గుర్తున్నదంతా నిజం కాదు. అన్న ఎదురుగా కూర్చుని తమ్ముడితో మాట్లాడుతున్నాడు. నాకు అతని ముఖం మీద కన్నా అతను కూర్చున్న తీరు మీద దృష్టి పోయింది. ఆటో గుంతలో పడి ఎగిరినప్పుడల్లా మేమందరం ఒక చేత్తో పట్టుకుని ఒంటిని కాస్త పైకి లేపుతున్నాం. అన్న లేపడం లేదు. ట్రాలీ రేకు మీద గోనెసంచి పడినట్టు పడుతున్నాడు.

చెరువు దగ్గరికి చేరేసరికి ఎండ ముదిరింది. నీళ్లు లోపలికి పోయాయి. కట్ట వాలులో పరిచిన రాళ్లు కాలుతున్నాయి. అన్న మునిగి తడి పంచెతో పైకి వచ్చాడు. అయ్యగారు చెప్పినట్టు పిండాలు చేసి, అమ్మకు ఇష్టమైనవి పక్కన పెట్టాడు. గ్లాసులో చాయ్, దానిలో ముంచుకోవడానికి బన్ను. ఇక కాకి వచ్చి ముట్టాలి. ముడితే చనిపోయిన మనిషికి తృప్తి అయినట్టు. మేమందరం దూరం జరిగి నిలబడ్డాం.

రాళ్ల మీద ఎవరూ కుదురుగా నిలబడలేకపోయారు. ఒక పాదం ఎత్తి ఇంకో పాదం మీద ఆనించుకుంటున్నారు. తమ్ముడు తువ్వాల పరుచుకుని దాని మీద నిలబడ్డాడు. అన్న కదలలేదు. ఎడమ పాదం అప్పుడప్పుడు ఎత్తుతున్నాడు. కుడి పాదం రాయి మీద అలాగే ఉంది. వేళ్లు కూడా ముడుచుకోలేదు.

నేను వదినను పక్కకు తీసుకెళ్లాను.

"అన్న పొద్దున మూత్రానికి పోయిండా?"

"ఏం అడుగుతానవ్? గిప్పుడా?"

"పోయిండా లేదా చెప్పు."

"నాకేం ఎరుక? నేను ఎంట వోతనా?"

"జర అడుగు పోయి."

"ఛీ. పిండం కాడ ఎవరన్న అడుగుతరా గది. అయ్యగారు ఉన్నడు, పెద్దమనుషులు ఉన్నరు."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. మా ఇంట్లో అన్నకూ నాకూ మధ్య ఆ మాటలు ఎప్పుడూ లేవు. అతనికి జ్వరం వస్తే నుదురు ముట్టుకోవడానికి కూడా వదినే. నేను రాళ్ల మీద నడిచి అన్న పక్కకు వెళ్లాను. కర్మ చేసేవాడి దగ్గరికి అలా వెళ్లకూడదని ఎవరో అన్నారు.

"అన్నా, మూత్రం వచ్చిందా పొద్దున?"

అన్న ముందు నా వైపు చూడలేదు. కాకి కోసం పెట్టిన విస్తరి వైపే చూస్తున్నాడు.

"ఇది గిప్పుడు అడిగేదా?"

"గిప్పుడే అడగాలె."

తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "రాత్రి సంది రాలే. ఉపాసం ఉన్న గదా. నీళ్లు తాగకపోతె ఏడికెల్లి వస్తది?"

"పొత్తికడుపు బిగుసుకున్నట్టు ఉన్నదా?"

అతని చెయ్యి పంచె ముడి కిందికి పోయింది.

"కూర్చుంటె కింద తెలుస్తాందా?"

"బట్ట మడత మీద కూసున్నట్టు అనిపిస్తాంది" అన్నాడు. "మొద్దువారినట్టు. నొప్పి లేదు గని. నొప్పి లేకపోతె మంచిదే గదనే?"

"మంచిది కాదన్నా. దవాఖానకు పోదాం. ఇప్పుడే."

"పిట్ట ముట్టనియ్యి."

కాకి వచ్చింది. కట్ట మీది స్తంభం మీద వాలి చూసింది. కిందికి దిగి, విస్తరికి కొంచెం దూరంలో గెంతి, మళ్లీ ఎగిరిపోయింది. ఇంకొకటి వచ్చింది. అదీ అంతే. అయ్యగారు నీడకు జరిగాడు. పెద్దవాళ్లు మొక్కడం మొదలుపెట్టారు. అన్న కూతురి పెండ్లి ఘనంగా చేస్తాం అన్నారు. నీ మంచం ఎవరికీ ఇవ్వం, ఇంట్లోనే ఉంచుతాం అన్నారు. కాకి రాలేదు. నేను నీడల వైపు చూస్తూ కాలం లెక్క వేసుకోవడానికి ప్రయత్నించి మానుకున్నాను. నాకు గుర్తున్న మేరకు ఈ పరిస్థితిలో గడిచే ప్రతి గంటా అన్న కాలు నుంచి, ఇంకా దాచుకోవలసిన చోటు నుంచి కొంత తీసుకుపోతుంది. ఒకసారి పోయింది మళ్లీ వస్తుందన్న నమ్మకం లేదు. ఇది ఇక్కడ ఎవరికి, ఏ మాటల్లో చెప్పాలి?

చిన్నమ్మ గట్టిగా అన్నది, అందరికీ వినపడేలా.

"ఇందుల తెల్వనిది ఏమున్నది? అక్క పాణం కొడుకు నడుం కాడనే కొట్టుకుంటాంది. బిడ్డ తొక్కుతనని ఒక్క మాట మొక్కితె పిట్ట ముడ్తది. మొక్కు బిడ్డా. ఒక్క మాట."

"మాటే గదా అక్కా" అన్నాడు తమ్ముడు. "మొక్కు, తర్వాత సంగతి తర్వాత."

మొక్కి ఉండవచ్చు. మాటే కదా. కానీ ఆ మాట అన్న వింటాడు. విన్నాక ఏం చేస్తాడో నాకు తెలుసు. నేను నోరు విప్పే లోపలే అతను ఆ పని చేశాడు. మోకాళ్ల మీదికి వంగి, చేతులు ఆనించి, కాలుతున్న రాళ్ల మీద బోర్లా పడుకున్నాడు. తడి పంచె, గుండు, వీపంతా ఎండకు తెరిచి ఉంది.

"తొక్కు సెల్లె" అన్నాడు. రాళ్ల మీద ముఖం ఉండటం వల్ల గొంతు సగమే వచ్చింది. "అమ్మ కోసం తొక్కు. ఒక్కసారి. ఏమైతె గదైతది."

అందరూ నా పాదాల వైపు చూశారు.

"తొక్క" అన్నాను. "లే అన్నా."

"తొక్కుమన్న గదా!"

"నేను తొక్క. నువ్వు లే. లేచి నిలబడు, అప్పుడు మాట్లాడుదాం."

అతనికి కోపం వచ్చింది. చేతులు ఆనించి ఛాతీ లేపాడు. ఎడమ మోకాలు ముడిచి కిందికి తెచ్చాడు. కుడి కాలు రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. చీలమండ నుంచి కింద పాదం వేలాడుతూ ఉంది, వేళ్ల పైభాగం రాళ్ల మీద గీసుకుంటూ ఉంది, చర్మం లేచి నెత్తురు వస్తోంది. అన్నకు అది తెలియడం లేదు. అతను కాలి వైపు చూడకుండా ఇంకా లేవడానికే చూస్తున్నాడు.

మొదట అరిచింది చిన్నమ్మే. "నెత్తురు! అరేయ్, కాలుకు నెత్తురు వస్తాంది, నీకు మంట లేదారా?"

"ఏడ?" అన్నాడు అన్న.

ఆ ఒక్క మాటతో వాళ్లకు అర్థమైంది. నేను చదివినవేవీ చెప్పవలసిన పని పడలేదు. తమ్ముడు, ఆటో డ్రైవర్ వచ్చి పట్టుకున్నారు. అన్న మాత్రం చెయ్యి విడిపించుకోవాలని చూశాడు. "పిట్ట ముట్టలే. కొడుకును నేనుండగ ఎవరు నిలవడ్తరు?"

అప్పుడు అయ్యగారు నీడలోంచి వచ్చాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. "కొడుకు చెయ్యి ముట్టుకోని మీ తమ్ముడు నిలవడ్తడు. నేను ఈడనే ఉంట. పిట్ట ముట్టేదాక కదల. తోల్కపోండి" అన్నాడు. అన్న వేలికున్న దర్భ ఉంగరం తీసి తమ్ముడి వేలికి తొడిగాడు. ఆ పని శాస్త్రంలో ఉందో లేదో నాకు తెలియదు. ఎవరూ అడగలేదు.

ఆటోలో చాప పరిచి అన్నను వెల్లకిలా పడుకోబెట్టాం. తల వదిన ఒళ్లో పెట్టుకుంది. నేను కాళ్లు కదలకుండా పట్టుకున్నాను. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా డ్రైవర్ "అక్కా, వచ్చింది" అని ముందే చెప్పేవాడు. మేం బిగపట్టుకునేవాళ్లం. నా చేతిలో కుడి పాదం చలనం లేకుండా, బరువుగా ఉంది. ఇంట్లో కడుగుతున్న గిన్నెలా దాన్ని ఎటు తిప్పితే అటు తిరుగుతోంది. నేను గిల్లి చూశాను. తర్వాత ఇంకొంచెం గట్టిగా గిల్లాను. అన్న పైకి చూస్తూ, "దారి ఎందాక వచ్చింది?" అని అడిగాడు.

హనుమకొండలో ఒక దవాఖానలో దిగాం. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నేను చెప్పినదంతా విని, ఒక పిన్ను తీసుకుని అన్న పాదం మీద గుచ్చింది.

"తెలుస్తుందా?"

"తెలుస్తాంది."

"కళ్లు మూసుకోండి. ఇప్పుడు?"

అన్న కళ్లు మూసుకున్నాడు. ఆమె గుచ్చింది. అన్న ఎదురుచూస్తున్నాడు, ఆమె ఇంకా గుచ్చలేదనుకుని. ఆమె మళ్లీ గుచ్చింది, కొంచెం పైన, ఇంకొంచెం పైన. వదిన ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపు విని అన్న కళ్లు తెరిచాడు.

మూత్రానికి గొట్టం వేశారు. సంచీ నిండింది, ఇంకా వస్తూనే ఉంది. స్కానింగ్ తీశారు. నడుం ఎముకల మధ్య ఉండే మెత్తటి దిండులాంటి డిస్కు జారి, కాళ్లకూ మూత్రానికీ పోయే నరాల గుత్తిని నొక్కేసిందని ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు చెప్పాడు. ఆ రోజే చెయ్యాలన్నాడు. అన్న ఒకటే ప్రశ్న అడిగాడు.

"నేను ఇరుసుకునుడు తోనే అయిందా సార్?"

"చెప్పలేను" అన్నాడు డాక్టరు. "డిస్కు అంతకు ముందే జారి ఉండొచ్చు. బరువులు ఎత్తారా?"

"మా అమ్మను ఎత్తిన."

డాక్టరు స్కానింగ్ ఫిల్మ్ పక్కన పెట్టాడు. "ఊరికే టకటకమంటే ఎవరికీ ఏం కాదు. నేనూ విరుచుకుంటా. కానీ జారిన డిస్కును బలవంతంగా తిప్పితే మిగిలింది కూడా బయటికి రావచ్చు. మీకు అదే జరిగిందా అంటే, అయి ఉండొచ్చు అనే చెప్పగలను. నొప్పి పోయిందన్నారు చూడండి, అప్పుడే పరుగెత్తి రావాల్సింది."

"మేం సంబురపడ్డం సార్" అన్నాడు అన్న.

థియేటర్‌లోకి తీసుకెళ్లే ముందు తమ్ముడు ఫోన్ చేశాడు. కాకి ముట్టిందట. చిన్నమ్మ ఏదో మొక్కిందట, ఏమని మొక్కిందో అడిగితే చెప్పడం లేదట. ముట్టిందని అన్నకు చెప్పాను. "బన్నా, అన్నమా?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. "అడగకపోయినవా?" అని విసుక్కుంటూ లోపలికి పోయాడు.

ఆపరేషన్ బాగానే జరిగిందని చెప్పారు. నరాలు ఎంతవరకు కోలుకుంటాయో తమ చేతుల్లో లేదని కూడా చెప్పారు. మొదట కుడి బొటనవేలు కదిలింది. వదిన దాన్ని పొద్దస్తమానం కదిలించమనేది, అన్న తిట్టేవాడు. నడవగలడు, పాదం కొంత ఈడుస్తుంది, దానికి కట్టుకోవడానికి ఒక పట్టీ ఇస్తామన్నారు. కానీ అందరం ఎదురుచూస్తున్నది పాదం గురించి కాదు. గొట్టం తీసేశాక మూత్రం తనంతట తాను రాకపోతే, ఇంటికి వెళ్లాక రోజూ తనే గొట్టం వేసుకోవలసి రావచ్చని చెప్పారు. బహుశా ఎప్పటికీ. అన్న ఆ మాట విన్నప్పటి నుంచి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. షెడ్డులో అందరికీ కలిపి ఒక్కటే మరుగుదొడ్డి, దానికి గడియ కూడా లేదు. అతను ఏం ఆలోచిస్తున్నాడో నాకు తెలుసు.

గొట్టం తీసిన రోజు చిన్నమ్మ వచ్చింది. టిఫిన్ డబ్బాలో అన్నం, పచ్చిపులుసు తెచ్చింది. నా పక్కన కూర్చుంది. చెరువు గట్టు మీద జరిగినదాని గురించి మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. కాసేపటికి, "నువ్వు గట్టిదానివి" అన్నది. అది మెచ్చుకోలో నిందో తెలియలేదు. అన్నం తినమని డబ్బా మూత తీసి ఇచ్చింది.

అన్న నీళ్లు తాగాడు. ఇంకా తాగాడు. వాకర్ పట్టుకుని బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపు దగ్గరకు వేసుకున్నాడు. పడితే పట్టుకోవాలని వదిన, నేను తలుపు బయటే నిలబడ్డాం. లోపల నల్లా విప్పాడు. నల్లా చప్పుడు తప్ప ఏమీ లేదు. వదిన కళ్లు మూసుకుని పెదవులు కదిలిస్తోంది. నేను గోడ మీది సున్నం పెచ్చులు చూస్తున్నాను.

"మీరిద్దరు గట్ల నిలవడ్తె ఎట్ల వస్తది?" అన్నాడు లోపలి నుంచి. "నీడలు కనవడ్తానయ్ తలుపు కింద. పోండ్రి."

వెళ్లి కారిడార్ చివర నిలబడ్డాం. అక్కడి నుంచి ఏమీ వినపడదు. పడితే కూడా వినపడదేమో అని భయం వేసింది. నర్సు వచ్చి, ఇంకాసేపు చూసి మళ్లీ గొట్టం వేస్తామని చెప్పి, తలుపు దగ్గర ఆగింది. చిన్నమ్మ గదిలోంచి తొంగి చూసింది.

నల్లా ఆగింది. తలుపు తెరుచుకుంది. అన్న వాకర్ ముందుకు నెట్టుకుంటూ బయటికి వచ్చాడు. ముఖం ఎర్రబడి, చెమట పట్టి ఉంది. మా వైపు కోపంగా చూశాడు.

"కొద్దిగ" అన్నాడు.

వదిన అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

"కొద్దిగంటే ఎంత?" అన్నది నర్సు. "గిన్నెల పట్టమన్న గదా, పట్టినవా?"

"మర్చిపోయిన."

"మర్చిపోతివా! మళ్ల తాగు నీళ్లు. ఈసారి పట్టాలె" అని ఆమె బాటిల్ నింపడానికి వెళ్లింది.